కట్టెలు కొట్టే సరదాని పక్క ఆదాయంగా మార్చుకోవచ్చా? వైజాగ్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా పెరట్లో మామిడిచెట్టుని వేళ్ళతో సహా పెకిలించి గోడ మీద పడేసింది. కోసేవాళ్ళు దొరకలేదు, కరెంటు లేదు, గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో తెలీదు. మా పెదనాన్న గొడ్డలి తీసుకుని నేనే మొదలుపెట్టాను, ఇంతవరకు దాన్ని వదల్లేదు. తర్వాత అమ్మడం మొదలుపెట్టి, చేతులు కాల్చుకుని, ఇప్పుడు ఏడాదికి కొన్ని టన్నులు మాత్రం నిబ్బరంగా అమ్ముతున్నాను. అడిగేవాళ్ళంతా అవే సందేహాలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## దిగే ముందు

ఆదివారాలు సరదాగా కట్టెలు కొడతాను. నిజంగా దీంతో డబ్బులొస్తాయా?

వస్తాయి, కానీ కొట్టినందుకు రావు. ఆరబెట్టినందుకు, సమయానికి ఇంటి ముందు దించినందుకు వస్తాయి. గొడ్డలి పట్టుకుని గంటసేపు చెమటోడిస్తే మనసు తేలికపడుతుందే, ఆ భాగానికి ఎవరూ రూపాయి ఇవ్వరు. నాలుగు నెలలు కర్రని ఎండలో పెట్టి, వాన పడకుండా కప్పి, చెదలు పట్టకుండా చూసి, కార్తీకంలో ఫోన్ రాగానే బండికెక్కించే ఓపిక మీకుంటే దిగండి. కొట్టడం ఒక్కటే ఇష్టమైతే ఇంటికి, చుట్టాలకి, గుడికి సరిపడా కొట్టుకోండి, అందులో తక్కువేమీ లేదు.

గ్యాస్ పొయ్యిల కాలంలో వైజాగ్‌లో కట్టెలెవరు కొంటారండీ?

నాకూ మొదట్లో ఇదే అనుమానం ఉండేది. ఇళ్ళల్లో వంటకి కొనేవాళ్ళు నగరంలో దాదాపు లేరు, నిజమే. కొనేది వేరేవాళ్ళు. పెళ్ళిళ్ళకి పెద్ద గుండిగలు పెట్టే వంటవాళ్ళు, కట్టెల పొయ్యి మీద బిర్యానీ అని బోర్డు పెట్టుకున్న హోటళ్ళు, అరకు రుచిని నగరంలో చూపిస్తామని బొంగు చికెన్ కాల్చే బళ్ళు, అన్నదానం చేసే గుళ్ళు. కార్తీకమాసంలో భీమిలి, ఆనందపురం వైపు తోటల్లో వనభోజనాలు పెట్టుకునే బ్యాచ్‌లు. సంక్రాంతి ముందు భోగి మంట కోసం మొద్దులు అడిగే కాలనీలు. నీళ్ళు కాచుకోవడానికి కట్టెల పొయ్యి వదలని పెద్దవాళ్ళు గోపాలపట్నం, పెందుర్తి, సబ్బవరం వైపు ఇంకా ఉన్నారు. ఆర్డరు పెద్దది కాదు గానీ, ఒకసారి మంచి కర్ర ఇస్తే వాళ్ళు ఇంకెవరి దగ్గరికీ వెళ్ళరు.

నెలకి ఎంత మిగులుతుందో ఉజ్జాయింపుగా చెప్పండి

నెల లెక్క వద్దు, టన్ను లెక్క వేయండి. కింద అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే, మీ ఊళ్ళో రేట్లు పెట్టి మార్చుకోండి. టన్ను పచ్చి కర్ర 3,000కి కొన్నారనుకుందాం. తెచ్చిన బండికి 1,500, కోసే మిషను (చైన్‌సా) పెట్రోలు, చైను ఖర్చు 400, చివర్లో డెలివరీకి 800. మొత్తం 5,700. పచ్చి కర్రలో బరువు ప్రకారం సగం నీళ్ళే ఉంటాయి, 20 శాతం తేమ దాకా ఆరితే 1,000 కిలోలు కాస్తా 625 కిలోలవుతుంది. కిలో 10 రూపాయలకి అమ్మితే 6,250. మిగిలింది 550. కోయడానికి, చీల్చడానికి, పేర్చడానికి, ఎక్కించి దించడానికి మీకు 14 గంటలు పడితే గంటకి 40 రూపాయలు కూడా రాలేదు.

అదే కర్ర మీకు ఊరికే దొరికితే 3,550 మిగులుతుంది, గంటకి 250. అందుకే నేను కర్ర కొని అమ్మే పనిని రెండేళ్ళలోనే మానేశాను. ఊరికే, లేదా కోసిపెట్టినందుకు బదులుగా దొరికే కర్ర ఉన్నవాళ్ళకే ఈ పని కిట్టుబాటవుతుంది.

నేను ఉద్యోగస్తుణ్ణి. ఇలా అమ్మితే ఆఫీసులో ఇబ్బందా?

ప్రైవేటులో అయితే మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు ఒకసారి చదువుకోండి. ప్రభుత్వ ఉద్యోగులకి మాత్రం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని ప్రవర్తనా నియమాల్లోనే ఉంది, రాష్ట్ర ఉద్యోగులకీ కేంద్ర ఉద్యోగులకీ రెండూ 1964 నాటి రూల్సే. మన ఊళ్ళో స్టీల్ ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డు, రైల్వే వాళ్ళు ఎక్కువ కాబట్టి గట్టిగా చెప్తున్నాను, చిన్న వ్యాపారమే కదా అని ఊరుకోకండి, మీ సంస్థ నియమాలు చూసి రాతపూర్వకంగా అడగండి.

డబ్బు కోసం చేస్తే ఉన్న సరదా కూడా పోతుందేమో?

పోయే ప్రమాదం ఉంది, నాకు ఒక ఏడాది పోయింది. ఆర్డర్లు ఒప్పేసుకున్నాను, ఆదివారం లేవగానే గొడ్డలి చూస్తే టెన్షన్ వచ్చేది. అప్పటి నుంచి ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. కప్పు కింద ఆరిపోయి ఉన్న కర్రనే అమ్ముతాను, ఇంకా కొట్టని కర్రకి మాటివ్వను, అడ్వాన్సు తీసుకోను. స్టాకు అయిపోతే అయిపోయిందని చెప్తాను. దాంతో కొన్ని ఆర్డర్లు పోయాయి గానీ ఆదివారం పొద్దున్న మళ్ళీ నాదైంది.

## కర్ర ఎక్కడిది, ఎవరిది

నగరంలో ఉండేవాళ్ళకి కర్ర ఎక్కడ దొరుకుతుంది?

మీరు అనుకునేదానికంటే దగ్గరలోనే. ఆనందపురం, సబ్బవరం వైపు మామిడి తోటల వాళ్ళు కాపు అయిపోయాక జూన్, జూలైల్లో కొమ్మలు కొట్టిస్తారు, తోట శుభ్రం చేసిపెడితే చాలు తీసుకుపొమ్మంటారు. ముసలి జీడిమామిడి తోటలు తీసేసేచోట కూడా అంతే. తీరం వెంట సరుగుడు తోటలు కొట్టినప్పుడు తిన్నగా ఉన్న కర్ర కాగితం మిల్లులకి, సెంట్రింగుకి పోతుంది, వంకర కొమ్మలూ మొదళ్ళూ అక్కడే మిగులుతాయి. సామిల్లుల్లో పక్క చెక్కలు దొరుకుతాయి. వానాకాలానికి ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టినప్పుడు ఆ ఇంటివాళ్ళకి అవి ఎలా వదిలించుకోవాలో తెలియక తల పట్టుకుంటారు. మా వీధిలో ఒకరికి కొమ్మలు ఎత్తి వాకిలి ఊడ్చిచ్చాను, ఆ తర్వాత ఆ వీధంతా నాకే కబురు పెట్టడం మొదలుపెట్టారు.

తుఫానుకి రోడ్డు మీద పడిన చెట్టు కోసుకుపోవచ్చా?

అది మీది కాదు. రోడ్డు పక్క చెట్టు నగరపాలక సంస్థ జీవీఎంసీదో, రోడ్ల శాఖదో, పార్కుదో అయి ఉంటుంది, పడినంత మాత్రాన ఎవరిదీ కాకుండా పోదు. దారి క్లియర్ చేసే సిబ్బంది అక్కడే ఉంటారు కదా, వాళ్ళని అడిగితే చాలాసార్లు కొమ్మలు తీసుకోమంటారు, బోదె మాత్రం వాళ్ళ లెక్కలోకి వెళ్ళొచ్చు. అడగకుండా తెల్లారకముందే రంపం తీసుకెళ్ళడం మాత్రం వద్దు. చెట్టు మీద కరెంటు తీగ పడి ఉంటే అసలు దగ్గరికే పోకండి, 1912కి ఫోన్ చేసి లైను ఆపామని వాళ్ళు చెప్పేదాకా ఆగండి.

కంబాలకొండలో, సింహాచలం కొండ మీద ఎండు పుల్లలు ఏరుకుంటే తప్పేంటి?

కంబాలకొండ 2002 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అక్కడి నుంచి ఎండు కొమ్మ తీసుకొచ్చినా నేరమే. సింహాచలం కొండ దేవస్థానానిది, కొంత అటవీ భూమి. ఇవన్నీ కాక ఇంకో మాట. హుద్‌హుద్‌కి మన కొండలు ఎలా బోడిగుండ్లయ్యాయో చూసినవాళ్ళం మనం. అక్కడ కుళ్ళుతున్న మొద్దు కొత్త మొక్కకి ఎరువు, దాని కింద ఎన్ని ప్రాణులు బతుకుతాయో లెక్కలేదు. మనకి ఆ కొండ వద్దు.

మా సొంత స్థలంలో చెట్టు కొట్టుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా?

చాలా చెట్లకి కావాలి. రాష్ట్రంలో వాల్టా చట్టం, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, పట్టా భూమిలో చెట్టుకైనా అది వర్తిస్తుంది. అనుమతిచ్చినా బదులు మొక్కలు నాటమంటారు. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటి తోట జాతులకి సడలింపులున్నాయి. టేకు, ఎర్రచందనం, శ్రీగంధం జోలికి మాత్రం కట్టెల పేరుతో ఎప్పుడూ పోకండి. నేను అయితే ప్రాణమున్న చెట్టుని అమ్మకం కోసం కొట్టను. పడినవి, ఎండినవి, కత్తిరించక తప్పని కొమ్మలు, వీటితోనే నా ఏడాది గడిచిపోతుంది.

ఊరి నుంచి బండిలో కర్ర తెస్తుంటే దారిలో ఆపుతారా?

ఆపొచ్చు, అది వాళ్ళ డ్యూటీ. అటవీ ఉత్పత్తుల రవాణాకి 1970 నాటి నిబంధనలున్నాయి, కొన్ని జాతులకి పర్మిట్ కావాలి, కొన్నింటికి అక్కర్లేదు. బండి మాట్లాడుకునే ముందే దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి ఏ కర్ర, ఎక్కడి నుంచి ఎక్కడికి అని చెప్పి అడగండి. తోట యజమాని రాసిచ్చిన కాగితం, భూమి పాసుబుక్కు జిరాక్సు, కాటా రసీదు బండిలో ఉంచండి. రాత్రిపూట తేవద్దు, మంచి కర్రే అయినా దొంగ సరుకులా కనిపిస్తుంది.

కొండ నుంచి మోపులు మోసుకొచ్చి అమ్మే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ, కానీ అడిగినప్పుడల్లా నాకు సంతోషం వేస్తుంది. నెత్తి మీద మోపు పెట్టుకుని మైళ్ళు నడిచొచ్చే మనిషికి అది సరదా కాదు, ఆ పూట బియ్యం. వాళ్ళు అమ్మేది సన్న పుల్లలు, టీ కొట్లకి, చిన్న ఇళ్ళకి. అందుకే నేను సన్న పుల్లల మోపులు అమ్మను, వాళ్ళు వెళ్ళే కొట్లకి వెళ్ళను. మీకు జీతం ఉంటే మీరూ అదే చేయండి. పెద్ద చీలికలు, బండి లెక్కన, ఆరిన కర్ర, అది వేరే గిరాకీ.

## పనిముట్లు, కొట్టడం

గొడ్డలి చాలా, చైన్‌సా కొనాలా?

మొదటి ఏడాది గొడ్డలి, రంపం, ఒక సమ్మెట, మొద్దు చీల్చడానికి దిగగొట్టే లావుపాటి ఇనప చీలలు రెండు, ఆకురాయి, ఇవి చాలు. చీల్చడానికి పదునుకంటే బరువు ముఖ్యం, రెండు కిలోల పైన ఉన్న తల, పక్కలు లావుగా ఉన్నది తీసుకోండి. పల్చటి తల కర్రలో ఇరుక్కుపోతుంది. కమ్మరి దగ్గర చేయించుకుంటే తుమ్మ కర్రతో కామ, అంటే పిడి, వేయించుకోండి, తిన్నగా నార ఉన్న ముక్క చూసి. కామ వదులైందంటే ఆ రోజుకి పని ఆపాల్సిందే, తల ఊడి ఎగిరితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఏడాది తిరిగాక కూడా వారం వారం కోస్తూనే ఉంటే అప్పుడు చైన్‌సా గురించి ఆలోచించండి.

చైన్‌సా అంత ప్రమాదమా? వీడియోల్లో సులువుగా కోస్తున్నారు కదా

ప్రమాదమే. చైను సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. బ్లేడు కొన పైభాగం కర్రకి తగిలిందంటే మిషను ఒక్క ఉదుటున మన ముఖం మీదకి ఎగురుతుంది, తప్పుకునే టైము ఉండదు. ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ పూర్తిగా బిగించి పట్టుకోవాలి, కొనతో కోయకూడదు, భుజం కంటే ఎత్తులో కోయకూడదు, నిచ్చెన ఎక్కి అస్సలు కోయకూడదు. తలకి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకి మఫ్‌లు, కాళ్ళకి చైన్‌సా ప్యాంటు. ఆ ప్యాంటు లోపల పొడవాటి నారలుంటాయి, చైను తగలగానే అవి బయటికొచ్చి చుట్టుకుని మిషన్ని ఆపేస్తాయి. ఎండకి ఉక్కపోస్తుందని లుంగీ, చెప్పులతో కోసేవాళ్ళని రోజూ చూస్తుంటాం, వాళ్ళని చూసి నేర్చుకోకండి. ఈ సామాను కొనేందుకు డబ్బు లేకపోతే చైన్‌సా కొనడానికి కూడా లేదనే అనుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని స్టార్ట్ చేయవద్దు.

వేళ్ళతో సహా కూలిన చెట్టు కోయడంలో జాగ్రత్త ఏంటి?

నిలబడున్న చెట్టుకంటే పడిన చెట్టే మోసం చేస్తుంది. వంగి బిగుసుకుపోయిన కొమ్మ వింటి బద్దలా ఉంటుంది, తప్పుచోట కోస్తే చెంప పగిలేలా కొడుతుంది. ఎటు వంగిందో చూసి, లోపలి వంపు వైపు ముందు కొద్దిగా గాటు పెట్టి, తర్వాత వెలుపలి వైపు నుంచి మెల్లగా కోయాలి, మనం మాత్రం కొమ్మ విదిలించే దారిలో ఉండకూడదు. బోదె కోయగానే వేళ్ళ దిబ్బ ఒక్కసారిగా లేచి గోతిలో కూర్చోవచ్చు, ఆ గోతిలోకి పిల్లల్ని కాదు కదా కుక్కని కూడా పోనివ్వకండి. మా మామిడి అలాగే లేచింది. నేను ఆ గోతి అంచునే ఉన్నాను, పెదనాన్న చెయ్యి పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది.

ఏ కర్ర మంచిది, ఏది వద్దు?

సరుగుడు రాజు లాంటిది. కిలోకి ఇంచుమించు 5,000 కిలో కేలరీల వేడి, కాస్త పచ్చిగా ఉన్నా మండుతుంది, బూడిద తక్కువ. తుమ్మ, సర్కారు తుమ్మ బరువైన కర్రలు, నిప్పు చాలాసేపు నిలుస్తుంది, ముళ్ళు మాత్రం చెప్పుల్లోంచి దిగుతాయి. చింత నిప్పు గొప్పగా ఉంటుంది కానీ చీల్చడం నరకం, మెలి తిరిగిన నార, దాన్ని పచ్చిగా ఉన్నప్పుడే చీల్చేయండి. మామిడి మధ్యస్థం, సులువుగా చీలుతుంది. జీడిమామిడి కోసేటప్పుడు దాని రసం తగిలితే కొందరికి చర్మం పొక్కుతుంది, చేతులు కప్పుకోండి. తురాయి, మునగ గడ్డిలా భగ్గుమని ఆరిపోతాయి. కొబ్బరి బోదె చీలదు, వదిలేయండి.

గన్నేరు విషం, వంట కర్రలో ఒక్క పుల్ల కూడా కలవకూడదు. పాత రైల్వే స్లీపర్లు, పెయింటు వేసిన చెక్క, ప్లైవుడ్ కూడా అంతే. పోర్టు వైపు నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్కల మీద ముద్ర చూడండి, హెచ్‌టీ అంటే వేడి చేసినది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించినది. ఎంబీ ఉన్నది పొయ్యిలో పెట్టకండి.

మొద్దు ఎంత కొట్టినా చీలడం లేదు, ఏం చేయాలి?

నడిమధ్యలో కొట్టడం మానండి. మొద్దు కోసిన ముఖం మీద సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి, అది ఎటు చీలాలనుకుంటోందో అదే చెప్తుంది. ఆ గీత మీద, అంచు నుంచి కొట్టుకుంటూ రండి, పెద్ద మొద్దయితే చుట్టూ పక్కల్ని ముందు ఊడగొట్టండి. ముడి ఉంటే అది కిందికి వచ్చేలా తిప్పి నిలబెట్టండి. కింద మోకాలెత్తు అడ్డమొద్దు ఉంటే గురి తప్పినా గొడ్డలి దానిలో దిగుతుంది, కాలిలో కాదు.

## ఆరబెట్టడం

ఎన్నాళ్ళు ఆరబెట్టాలి? తొందరగా అమ్మేస్తే ఏమవుతుంది?

చేతి మందాన చీల్చి ఫిబ్రవరి, మార్చిలో పేరిస్తే మన ఎండలకి మూడు, నాలుగు నెలలు. చీల్చని దుంగ ఏడాదైనా లోపల తడిగానే ఉంటుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎంత ఆరబెట్టినా 14, 15 శాతం దగ్గర ఆగిపోతుంది, వంటకి అది చాలు. తేమ 20 శాతానికి దిగితే చాలు. ఆరిన కిలో కర్ర ఇచ్చే వేడి, పచ్చి కిలో ఇచ్చేదానికి ఒకటిన్నర రెట్ల పైనే, ఎందుకంటే పచ్చి కిలోలో సగం నీళ్ళే, పైగా వచ్చే వేడిలో కొంత ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది.

తొందరపడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక పెళ్ళికి రెండు నెలలు కూడా ఆరని మామిడి కర్ర ఇచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ వస్తే వెళ్ళాను. నాలుగు పొయ్యిలు, కర్ర చివర్ల నుంచి సుయ్‌మంటూ నురగ, దాని వెంట నీళ్ళు బొట్లు బొట్లుగా బూడిదలో పడుతున్నాయి. పందిరంతా పొగ. వంట మేస్త్రి కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "ఏటి బాబూ, నువ్వు మాకు కర్రలమ్మినావా, నీళ్ళమ్మినావా?" అన్నాడు. తిట్టలేదు, అంతే అన్నాడు. ఇంట్లో ఉన్న ఎండు సరుగుడంతా ఆ చీకట్లోనే తెచ్చి పడేశాను, డబ్బులు తీసుకోలేదు. ఆయన ఇప్పటికీ నా దగ్గరే కొంటాడు.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టండి, ఆరితే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. చివర్ల పగుళ్ళు విచ్చుకుంటాయి, బెరడు చేత్తో లాగితే ఊడొస్తుంది. ఇవన్నీ ఉజ్జాయింపులే. నేను నమ్మేది తూకాన్ని. పేర్పు మధ్యలో నుంచి నాలుగు ముక్కలు తీసి సుద్దతో గుర్తు పెట్టి, వారం వారం వంటింటి కాటా మీద తూచి బరువు వాటి మీదే రాయండి. వరసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టే, ఆ మూడు వారాల్లో ముసురు పట్టలేదని మాత్రం చూసుకోండి. తేమ మీటరుంటే ముక్కని చీల్చి కొత్త ముఖం మీద చూడండి, పైపైన చూస్తే తక్కువ చూపిస్తుంది.

వానాకాలంలో ఏం చేయాలి? మనకి అక్టోబరులోనే ఎక్కువ వాన కదా

పైన మాత్రమే కప్పండి, పక్కలు వదిలేయండి. చుట్టూ టార్పాలిన్ చుట్టేస్తే లోపల చెమట పట్టి బూజొస్తుంది. రేకు వేసి ఇటుకలతో కాదు, తాడుతో కట్టండి, తుఫాను గాలికి ఎగిరిన రేకు కత్తిలాంటిది. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే ఎత్తు పేర్పుల్ని నడుమెత్తుకి దించేయండి.

చెదలు, పాములు రాకుండా ఉండాలంటే?

నేలకి తగలకుండా, గోడకి ఆనకుండా పేర్చండి. కింద రెండు వరసల ఇటుకలు, గోడకి జానెడు ఎడం. మందు చల్లకండి, అది పొయ్యిలోకీ అన్నంలోకీ వెళ్తుంది. తేళ్ళు, జెర్రులు, కొండ పక్క కాలనీల్లో నాగుపాములు కూడా పేర్పుల్లో చేరతాయి, ముందు పొడవాటి కర్రతో కదిపి, తర్వాత గ్లోవ్స్ వేసుకుని పైవరస నుంచి తీయండి. వేళ్ళు సందులోకి పెట్టవద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. నాకు కుదరదా?

టెర్రస్ మీద వద్దు. టన్ను బరువు ఒకే చోట పడితే శ్లాబుకి మంచిది కాదు, నిప్పు భయం సరేసరి. ఊళ్ళో చుట్టాల కళ్ళమో, ఖాళీ స్థలమో చూసుకోండి. మా బంధువొకాయన చోడవరం దగ్గర వాళ్ళ అత్తగారి పెరట్లో పేర్చుకుంటాడు, ఆవిడ నీళ్ళ పొయ్యికి కావలసినంత వాడుకుంటుంది, అదే అద్దె.

## అమ్మకం

తూకం లెక్కన అమ్మాలా, బండి లెక్కన అమ్మాలా?

తూకమైతే ఆరబెట్టినవాడికి నష్టం, బండి లెక్కయితే కొనేవాడికి అనుమానం. అడితిల్లో తూకమే నడుస్తుంది, తడి కర్ర అమ్మేవాడికి అది లాభం. నేను కిలో లెక్కనే అమ్ముతాను కానీ అడితి రేటు మీద ఎక్కువే చెప్తాను, ఎందుకో కొనేవాళ్ళ ముందే ఒక ముక్క చీల్చి మీటరు పెట్టి చూపిస్తాను. టన్ను పచ్చి కర్ర 625 కిలోలవుతుంది కాబట్టి పచ్చి ధరకి కనీసం 1.6 రెట్లు ఉంటేనే మీ శ్రమ లెక్కలోకి రాకముందు అసలు గిట్టినట్టు. కాటాకి తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించుకోండి, పెద్ద లోడైతే వేబ్రిడ్జి రసీదు ఇవ్వండి. టాటా ఏస్‌లో ముప్పావు టన్ను మించి ఎక్కించకండి.

అప్పు ఇవ్వొచ్చా?

హోటళ్ళకి వద్దు. పెళ్ళి వంటవాళ్ళకి ఒక్క ఫంక్షను వరకు ఇస్తాను, అది తీరాకే రెండోది.

భోగికి కొట్టి అమ్మితే ఒక్క వారంలో డబ్బులొస్తాయంటారు, నిజమేనా?

గిరాకీ నిజమే. భోగి జనవరి 13నో 14నో వస్తుంది, అంతకుముందు అయిదారు రోజులు ఫోను ఆగదు. అయితే వాళ్ళకి మంట కావాలి, వంట కాదు. చీలని ముడి మొద్దులు, తురాయి, నిద్రగన్నేరు (ఇది విషపు గన్నేరు కాదు, వేరే చెట్టు) లాంటి తేలిక కర్ర అప్పుడు వదిలించుకోవచ్చు. మంచి సరుగుడు భోగికి ఇవ్వకండి. టైర్లు, ప్లాస్టిక్ కూడా వేస్తామంటే నేను ఒప్పుకోను, పసిపిల్లలు ఆ మంట చుట్టూనే ఉంటారు.

హోమాలకి సమిధలు అమ్మితే లాభమెక్కువట కదా?

తూకం చూస్తే ఎక్కువే, కానీ అది వేరే పని. నవగ్రహ హోమానికి జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ, తొమ్మిదీ కావాలి. వేలంత మందం, జానెడు పొడవు, బెరడు ఊడకుండా, పురుగు తొలవకుండా ఉండాలి. ఒకటి బదులు ఇంకొకటి పెట్టి అమ్మారంటే అది మోసం. చెట్లు గుర్తుపట్టగలిగితే, పురోహితులొకరితో మాట్లాడుకుని చిన్నగా మొదలుపెట్టండి.

జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి?

కట్టెల మీద జీఎస్టీ సున్నా. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మాత్రం ఇది వ్యాపార ఆదాయం, జీతంతో కలిపి చూపించాలి, జీతగాళ్ళు వేసే ఐటీఆర్-1 ఇక పనికిరాదు. చిన్న వ్యాపారులకి అంచనా పద్ధతి ఉంది, అమ్మకంలో నగదుగా వచ్చినదానికి 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం లాభంగా చూపించవచ్చు. పుస్తకం ఒకటి పెట్టుకుని తేదీ, తూకం, ఎవరికి, ఎంత అని రాసుకోండి. చిన్న వ్యాపారాలకి ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. నగరంలో స్థలం పెట్టి నిల్వ చేసి అమ్మితే జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సు గురించి, నిప్పు జాగ్రత్తల గురించి ముందే అడగండి.

ఇప్పుడు మొదలుపెడితే మొదటి అమ్మకం ఎప్పటికి?

జనవరి నుంచి మార్చి దాకా కోసి చీల్చడం, జూన్ దాకా ఆరబెట్టడం, వానల్లో కప్పి ఉంచడం, కార్తీకం నుంచి భోగి వరకు అమ్మడం. జూలైలో మొదలుపెడితే ఆ ఏడాది అమ్మకం మర్చిపోండి.

పొట్టు, బెరడు, చితుకులు పారేయాలా?

వద్దు. చితుకులు, పేళ్ళు సంచుల్లో నింపి ప్రతి లోడుతో ఒక సంచి ఊరికే ఇవ్వండి, పొయ్యి అంటించడానికి అవే కావాలి, వంటవాళ్ళు అది గుర్తుపెట్టుకుంటారు. పొడి పొట్టు ఆవుల కొట్టంలో పరుస్తారు. ఇంట్లో పొయ్యి బూడిద జల్లించి కొబ్బరి మొదళ్ళలో వేయండి, మా అమ్మ ఇత్తడి గిన్నెలకి ఇంకా అదే వాడుతుంది.